లావు పుస్తకంలో లేని యుద్ధాలు

మా ఇంటి ముందుగదిలో నలుగురు మగవాళ్లు ఆరు నెలలు కూర్చుని ఒక్క పుస్తకం ఎంచలేకపోయారు. ఆ ఆరు నెలల్లో నేను వాళ్లకు పోసిన కాఫీ, ఎండాకాలం తుంగభద్రలో పారే నీళ్లకంటే ఎక్కువే ఉంటుంది. పుస్తకాన్ని ఎంచాలంటే ముందు దాన్ని చదవాలని ఆ నలుగురిలో ఒక్కరికీ తోచలేదు.

బుద్ధుడు పోయి రెండువేల అయిదువందల ఏళ్లు నిండాయని సర్కారువారు దేశమంతటా పండుగ చేసిన ఏడు అది. కర్నూలు అప్పటికింకా రాజధాని. కచేరీలు చాలక గుడారాలు వేశారు. ఆ గుడారాలను చూసుకుని ఊరు ఊరంతా మీసం మెలేస్తూ తిరిగేది. రాజధాని అన్నాక ఒక పుస్తకగోష్ఠి లేకపోతే ఎట్లా అని మా ఆయనకు ఆలోచన పుట్టింది. ఆయన వకీలు. కక్షిదారులు తక్కువ, తీరిక ఎక్కువ. ఒక బౌద్ధ గ్రంథం ఎంచుకోవాలి, సభ్యులందరూ చదవాలి, ఆపైన ఒక ఆదివారం ఊరిపెద్దలను పిలిచి దానిమీద చర్చ పెట్టాలి. ఇదీ తీర్మానం.

అధ్యక్షుడు ఒక రిటైరైన తహశీల్దారు. సంతకం పెట్టే ముందు కాగితం చదివే అలవాటు ఉద్యోగంలో ఉన్నప్పుడూ లేదని ఊళ్లో అనుకునేవాళ్లు. రెండో ఆయన హైస్కూలు తెలుగు పండితుడు. మూడో ఆయన బేతంచెర్ల బండల ఆసామి. భూములున్న ఇంటివాడు, నాపరాళ్ల గనుల్లో దిగి బాగా వెనకేశాడు. రాజధానిలో లేస్తున్న కట్టడాలన్నింటికీ నేలబండలు ఆయన లారీలోనే వచ్చేవి. పదిహేను రోజులకొక ఆదివారం లారీతోపాటు ఆయనా దిగేవాడు. ఆయన చందా లేనిదే గోష్ఠి నడవదు కాబట్టి ఆయన కూడా సాహిత్యాభిమాని అయ్యాడు. నాలుగోవాడు మా ఆయనే, కార్యదర్శి.

నేను రాజంపేటలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. పెళ్లితో చదువు ఆగింది కానీ చదివే పిచ్చి ఆగలేదు. ఇంట్లో ఉన్నవన్నీ చదివేదాన్ని. చదివినదాన్ని గురించి మాట్లాడటానికి మాత్రం ఒక్క ప్రాణి ఉండేది కాదు. ఆకలి కంటే అదే ఎక్కువ బాధ అనిపించేది. అందుకని సిగ్గు విడిచి మా ఆయన్ను అడిగాను, చర్చ రోజున నేనూ ఒక మూల కూర్చుంటానని.

"మొదట పుస్తకం తేలనీలే. తేలినాంక చూస్తాం," అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని, ఆ పుస్తకమేదో తొందరగా తేలాలని నేను కాచుకుని కూర్చున్నాను.

మద్రాసు నుంచి పోస్టులో ఒక లావు పుస్తకం తెప్పించారు. బుద్ధుడి కథ, బోధలు, అయిదువందల పేజీలు. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు అంచులు కోయకుండానే వచ్చేవి. కాగితాల మడతలు మడతలుగానే ఉండేవి, చాకుతో కోసుకుంటే తప్ప లోపలి పేజీలు కనిపించవు. ఈ పుస్తకంలో ఎవరో మొదటి పదహారు పేజీలు మాత్రం కోసి పంపారు. సభ్యులు పదిహేను రోజులకొకరు వంతున తీసుకుపోయి చదవాలి, చదివాక మా అలమరలో పెట్టాలి.

తహశీల్దారు తీసుకుపోయి తెచ్చాడు. "రెండుమార్లు చదివినానండీ. గంభీరమైన గ్రంథం," అన్నాడు. ఆయన పోయాక పుస్తకం తీసి చూశాను. పదిహేడో పేజీ నుంచి ఒక్క మడతా విప్పలేదు. తర్వాత పండితుడు తీసుకుపోయాడు. "నాలుగో ప్రకరణంలో భాష కొంచెం జారింది," అన్నాడు. నాలుగో ప్రకరణం ఎనభయ్యో పేజీలో మొదలవుతుంది. దానికింకా గాలి కూడా తగల్లేదు! పొయ్యి దగ్గర నిలబడి నవ్వుకున్నాను. చదువుకున్నవాళ్లంటే నాకున్న గౌరవం ఆ పూట పాలు పొంగినట్టు పొంగి పొయ్యిలో పడింది.

మూడో వంతు బండల ఆసామిది. ఆయనమీద నాకు మొదట్నుంచీ చులకనే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని, గోడకానుకుని కునుకు తీసే మనిషి. పుస్తకాన్ని లారీలో డ్రైవరు పక్కన పడేసుకుని పోయాడు. పదిహేను రోజుల తర్వాత తెచ్చి ఇచ్చాడు.

మడతలన్నీ విప్పి ఉన్నాయి, చివరి పేజీ దాకా. చాకుతో కోసినట్టు లేదు, జడపిన్నుతో చీల్చినట్టు అంచులు గరుగ్గా ఉన్నాయి. పేజీల సందుల్లో రాతిదుమ్ము. నాకు తల కొట్టేసినట్టయింది. కునుకు తీసే మనిషే అంతా చదివాడా, నేనెంత పొగరుగా అనుకున్నాను అని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఒక్క గంట కూడా నిలవలేదు.

ఆ పూట గోష్ఠిలో మా ఆయన అడిగాడు, "ఎట్లుండాదప్పా పుస్తకం?"

"శానా బాగుండాదప్పా," అన్నాడు ఆసామి. "ఆ యుద్ధాలు జూడు, ఏం రాసినాడు, ఏం రాసినాడు!"

ఆ పుస్తకంలో యుద్ధాలు లేవు. ఆ మధ్యాహ్నమే పేజీలన్నీ తిరగేశాను, ఒక్క కత్తి కూడా లేవలేదు. ఇప్పుడు దొరుకుతాడులే అని తలుపు వెనక కాఫీ గ్లాసులతో నిలబడ్డాను.

తహశీల్దారు తల పంకించాడు. "యుద్ధాల భాగం కొంచెం ఎక్కువైందని నాకూ అనిపించింది," అన్నాడు.

పండితుడు గొంతు సవరించుకున్నాడు. "ఆ వర్ణనల్లో ప్రబంధ ధోరణి కనబడుతుంది."

మా ఆయన అవన్నీ గోష్ఠి తీర్మానాల పుస్తకంలో రాసుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు! అహింసను బోధించిన మహానుభావుడి పండుగలో యుద్ధాల పుస్తకం బాగుండదేమో అని తహశీల్దారుకు అనుమానం వచ్చింది. యుద్ధాలున్న పేజీలు గుర్తుపెట్టి తెస్తే చర్చలో వాటిని వదిలేయొచ్చు అన్నాడు పండితుడు. ఆ పని ఆసామికే అప్పగించారు. యుద్ధాలను ముందు కనిపెట్టినవాడు ఆయనే కదా మరి.

ఆ రాత్రి పుస్తకాన్ని మళ్లీ తీశాను. బిడ్డ చచ్చిపోయిన తల్లి కథ ఒకటి అందులో ఉంది. చావు లేని ఇంటినుంచి పిడికెడు ఆవాలు తెమ్మని బుద్ధుడు ఆమెను పంపుతాడు. ఆ పేజీ అంచున పసుపు వేలిముద్ర ఉంది. దాని పక్కన పెన్సిలుతో వంకరటింకర అక్షరాలు: "నాకూ ఒకడు పోయినాడు. ఆ యమ్మ ఆవాలకని పది ఇండ్లన్నా తిరిగింది. నన్ను పక్కింటికి గూడా పంపరు."

చదివిన మనిషి దొరికింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. దాని కింద పెన్సిలుతో రాశాను: "ఆమెకు నిజంగా ఆవాలు దొరికుంటే ఏం చేసేదంటావు చెల్లీ?"

పదిహేను రోజులకు జవాబు వచ్చింది: "తిరగమాతలో ఏసి మొగునికి అన్నం పెట్టేది. ఇంగేం జేస్తాది అక్కా?"

అంత మంచి మాట ఆ ముందుగదిలో ఆరు నెలల్లో ఒక్కటి పుట్టలేదు. ఆమె ఎవరో నాకు చెప్పింది ఆసామే, తెలియకుండా. ఒకరోజు బజ్జీ తుంచుకుంటూ మా ఆయనతో అన్నాడు, "మా ఇంటిది కండ్లద్దాలు గావాలని ఒకటే పోరప్పా. అచ్చరమ్ముక్క రాదు, ఏం జేసుకుంటాదో. బియ్యంలో రాళ్లు కనబడల్యాదంట." నలుగురూ నవ్వారు. నేను వంటింట్లో నవ్వాను, వాళ్ల నవ్వు వేరు, నాది వేరు. పుట్టింట్లో ఎవరో నేర్పిన చదువును, మెట్టినింట్లో ఎవరికీ తెలియకుండా అన్నేళ్లు దాచుకుంది ఆ మహాతల్లి.

ఆపైన ఆ పుస్తకం లారీలో పోయేది, లారీలో వచ్చేది. ప్రతిసారీ నేనే ఏదో ఒక పుల్ల వేసేదాన్ని. "యుద్ధాలన్నీ గుర్తుపెట్టినట్టు లేదే, ఇంకొకసారి చూడమనండి," అనేదాన్ని మా ఆయనతో. నా శ్రద్ధకు ఆయన మురిసిపోయేవాడు. అంచుల్లో మా రాతలు పెరిగాయి. భార్య నిద్రపోతుండగా ఇల్లు వదిలిన రాజకుమారుణ్ణి గురించి, కోరికే దుఃఖానికి మూలమన్న మాటను గురించి. కోరికలు తీరేవాళ్లకు కదా ఆ మాట చెప్పాల్సింది, మాకెందుకు అని రాసిందామె ఒకచోట. నేను ఒప్పుకోలేదు. రెండు పేజీలనిండా పోట్లాడుకున్నాం. గోష్ఠి అంటే అది! మొదట్లో పుస్తకం తొందరగా తేలాలని మొక్కుకున్నదాన్ని, ఇప్పుడు ఎప్పటికీ తేలకూడదని మొక్కుకున్నాను.

మా రాతలే మా కొంప ముంచాయి. దసరా ముందు తహశీల్దారు పుస్తకం అడిగి తీసుకున్నాడు. మా రాతలు ఎక్కడ చదువుతాడోనని తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. కండ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చాడట. చేతిని చాచి పుస్తకాన్ని దూరంగా పెట్టి, పేజీలు బర్రున తిప్పాడు. ఎక్కడ చూసినా పెన్సిలు గీతలు.

"అబ్బా, ఇన్ని యుద్ధాలా! వద్దండీ, వద్దు," అని మూసేశాడు.

చివరికి ఇరవై పేజీల చిన్న పుస్తకం ఒకటి ఎంచారు. ఎవరో ఊరికే పంచిపెట్టింది, అట్టమీద బొమ్మ బాగుంది. కొండను తవ్వి ఎలుకను పట్టారు. చర్చ రోజున దండలు వేసుకున్నారు, ఫోటో తీయించుకున్నారు. దాన్ని కూడా ఎవరూ చదవలేదు. మా ఆయన మాట నిలబెట్టుకుని నన్ను ఒక మూల కూర్చోబెట్టాడు. కూర్చున్నంతసేపూ ఆవలింతలు ఆపుకోవడానికే సరిపోయింది.

ఆ నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు పీకేశారు. బండల లారీ రావడం మానేసింది, గోష్ఠి కూడా దానితోనే పోయింది. లావు పుస్తకం మా అలమరలోనే మిగిలింది. చివరిసారి వచ్చినప్పుడు దాని ఆఖరి పేజీలో ఆమె రాసింది: "అక్కా, కండ్లద్దాలొచ్చినాయి. ఇంగ మొదట్నుంచి సదువుతా. బుక్కు బిరీన పంపు."

మా ఆయన్ను ఒక్కసారి అడిగాను, బేతంచెర్లకు పోయొస్తానని. "బండలోళ్ల ఇంటికాడ నీకేం పనే?" అన్నాడు. నేను వంటింట్లోకి పోయాను. పోస్టులో పంపొచ్చు. ఆసామి విప్పి ఎందుకని అడిగితే ఆమె గతేమిటి అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి నా గతేమిటి అన్నదే నా భయం. ద్రోణాచలంలో బండి మారితే బేతంచెర్ల, పొద్దున పోతే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ నలుగురినీ ఇంతసేపు తిట్టాను. పుస్తకం చదవనివాళ్లు వాళ్లు, సరే. చదివినదాన్ని నేనేం చేశాను?

పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆవాల కోసం ఆ తల్లి ఎన్ని గడపలెక్కిందో అందులో లెక్క రాయలేదు. నేను ఎక్కాల్సింది ఒక్కటే గడప. ఎక్కలేదు.