మూఢంలో జీతం

హుసేనమ్మకు సన్నాయి ఊదడం రాదు, డోలు వాయించడం రాదు. నాలుగు తరాలుగా మేళం మీద బతికిన దూదేకుల ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఆమెకు తెలిసిన పని కుట్టుమిషను ఒక్కటే. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల నుంచి జాకెట్ గుడ్డలు తెచ్చుకొని, కుట్టి, వారానికొకసారి బస్సులో పోయి ఇచ్చి వచ్చేది. అలాంటి మనిషికి ఇవాళ జమ్మలమడుగు చుట్టుపక్కల పెళ్లి పెట్టుకున్నవాళ్లు, ముహూర్తం రాయించుకొని పురోహితుడి ఇంటి గడప దిగకముందే ఫోన్ చేస్తారు, ఆ రోజు మీ మేళం ఖాళీగా ఉందా అని. ఇదంతా ఎలా జరిగిందో చెప్పాలంటే ఆమె ఇల్లు మునిగిన దగ్గర మొదలుపెట్టాలి.

గండికోట జలాశయంలో నీళ్లు నిలబెట్టినప్పుడు మునిగిన ఊళ్లలో వాళ్లదీ ఒకటి. ఊళ్లో మేళం వాయించే ఇళ్లు ఏడు ఉండేవి. గుడి సేవకైనా పెళ్లికైనా అందరూ కలిసే పోయేవాళ్లు. నీళ్లు వచ్చాక తలా ఒక దారి అయ్యారు. కొందరు జమ్మలమడుగు పక్కన పునరావాస కాలనీలో ఇల్లు కట్టుకున్నారు, కొందరు ముద్దనూరులో బంధువుల పంచన చేరారు, ఒక కుటుంబం పులివెందులలో తేలింది. హుసేనమ్మ భర్త రహమతుల్లా ఎక్కడన్నా పెళ్లికి ఒప్పుకుంటే డోలు ఒక ఊరి నుంచి, తాళం ఇంకో ఊరి నుంచి బస్సెక్కి రావాలి. ఒకరు వస్తే ఒకరు వచ్చేవాళ్లు కాదు.

మునిగిన ఇల్లు హుసేనమ్మ పేరున ఉండేది. కొడుకు చేతిలో డబ్బు నిలవదని తెలిసిన మామ, పోయేముందు ఆ ఇంటిని కోడలికి రాయించాడు. అందుకని నష్టపరిహారం పది లక్షలూ ఆమె ఖాతాలో పడ్డాయి. ఆ ఇంట్లో ఎవరూ అంత డబ్బు ఒక్కసారిగా చూసి ఎరగరు. బంధువులు లాటరీ తగిలిందన్నారు. ముప్పై ఏళ్లు ఊడ్చి అలికిన ఇంటిని చేపలకు వదిలి వచ్చినదానికి అది లాటరీ ఎలా అవుతుందో ఆమెకు అర్థం కాలేదు. అయినా ఎవరితోనూ వాదించలేదు. బంగారం కొనమని ఒకరు, ప్రొద్దుటూరు బైపాసులో స్థలం కొనమని ఒకరు, కారు కొని అద్దెకు తిప్పమని ఒకరు చెప్పారు. అన్నింటికీ తలూపి, మిషను తొక్కుకుంటూ కూర్చుంది.

ఇంతలో హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. రహమతుల్లా సన్నాయిని ఎవరో ఫోన్‌లో తీసి పెడితే విన్నాడట. ఆల్బం తీద్దామన్నాడు, ఆరు లక్షలు పెడితే చాలన్నాడు, ఆ తర్వాత సినిమా వాళ్లు వెతుక్కుంటూ వస్తారన్నాడు. రహమతుల్లాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆశ అటువంటిది. యాభై ఐదేళ్ల మనిషి, పన్నెండో ఏట నుంచి ఊదుతున్నాడు, అంతవరకూ ఏ పెళ్లి పత్రికలోనూ అతని పేరు వేసినవాళ్లు లేరు.

హుసేనమ్మ కాదనలేదు. జాకెట్లు ఇవ్వడానికి ప్రొద్దుటూరు పోయిన రోజు, మేడ మీద చిన్న రికార్డింగ్ గది నడిపే ఎడ్విన్ దగ్గరికి పోయింది. ఒక క్రిస్మస్‌కు వాళ్ల చర్చి గాయకులందరికీ తెల్ల గౌన్లు కుట్టింది ఆమే, ఆ పరిచయం ఉంది. సంగతంతా అతనికి చెప్పింది.

"అమ్మా, ఉండేమాట చెప్తా," అన్నాడు ఎడ్విన్. "నేను పాటలు అమ్ముకొని బతకడం లేదు. పాడేదానికి ఈడికి వచ్చేవాళ్లు ఇచ్చే దుడ్లతో బతుకుతాండా. మీ ఇంటికి వచ్చినాయన కూడా అంతే. ఆల్బం మీది, ఖర్చు మీది. ఆయన కూలి ఆయనకు ముందే వస్తాది."

"మరి సన్నాయి వినేదానికి ఎవరు దుడ్లు ఇస్తారప్పా?"

"ఫోన్‌లో వినేవాళ్లు ఇయ్యరు. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నోళ్లు ఇస్తారు. ఎందుకిస్తారో, ఎందుకియ్యరో వాళ్లనే అడుగు."

హుసేనమ్మ ఆ మాట పట్టుకుంది. డబ్బును బ్యాంకులోనే ఉంచి, మాఘమాసం పెళ్లిళ్లకు మేళం వెంట తానూ బయలుదేరింది. ఆడమనిషి మేళం వెంట ఎందుకని రహమతుల్లా గొణిగాడు. సంచులు మోస్తానని చెప్పి, శ్రుతి పెట్టె చంకన పెట్టుకొని బస్సెక్కింది. ముప్పై ఏళ్లుగా మేళం తిండి తిన్నది గాని, మేళం పెళ్లిలో ఎలా ఉంటుందో ఆమె చూడటం అదే మొదలు. వాళ్లను ఎక్కడ కూర్చోబెడతారో, భోజనానికి ఎప్పుడు పిలుస్తారో, ఎవరు వింటారో, ఎవరు వినరో అన్నీ గమనించింది. పెళ్లివారి ఆడవాళ్లతో మాట కలిపింది.

పులివెందులలో కృష్ణమ్మ అనే పెద్ద రైతు ఇల్లాలి కూతురి పెళ్లిలో ఆ పాఠం పూర్తయింది. తాళి కట్టే వేళ గట్టిమేళం అన్నారు. అంటే ఇంకే మాటా చెవిన పడకుండా వాద్యాలన్నీ ఒక్కసారి మోగాలి. రెండో సన్నాయి రహమతుల్లా తమ్ముడు నయీంది. ఒకప్పుడు గుక్క తిప్పుకోకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఊదేవాడని పేరు. ఆ రోజు నాలుగు క్షణాలు ఊది, దగ్గు తెర వచ్చి సన్నాయి దించేశాడు. రహమతుల్లా ఒక్కడే మెడ నరాలు ఉబ్బేలా ఊది ఆ గండం గట్టెక్కించాడు. పెళ్లివాళ్లలో చాలామంది గమనించలేదు. కృష్ణమ్మ గమనించింది.

భోజనాల దగ్గర ఆమె దాచుకోకుండా చెప్పింది. "సన్నాయి అంటే మాకూ ప్రేమే. మా పెద్దదాని పెళ్లికి మీవోళ్లే ఎవరో వస్తామని, తాళి కట్టినాంక వచ్చినారు. ఫోన్‌లో పాట పెట్టుకొని కట్టించినాం. శానా చిన్నతనమయింది. పాటల బాక్సులోళ్లు చెవులు పగలగొడతారు గానీ, చెప్పిన టయానికి వస్తారు."

తిరుగు బస్సులో హుసేనమ్మ నయీం పక్కన కూర్చుని అడిగింది, దగ్గు ఎప్పటినుంచి అని. రెండేళ్లుగా మూఢం వచ్చినప్పుడల్లా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి పోతున్నానన్నాడు. మూఢం ఉన్నన్నాళ్లూ, ఆషాఢంలో, ఇంకా ముహూర్తాలు లేని నెలల్లో మేళాన్ని పిలిచేవాళ్లు ఉండరు. ఇల్లు గడవాలి. ఫ్యాక్టరీలో రాతిపొడి పీల్చి పీల్చి ఛాతీ పాడైంది. డోలు వాయించేవాళ్లు సిమెంటు పనికి పోతే వేళ్లు మొద్దుబారుతున్నాయి. ముహూర్తాలు మొదలు కాగానే, పోయిన నెలల కూలి కూడా లాక్కోవాలని ఒకే పొద్దున రెండు పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నారు. రెండో పెళ్లికి ఆలస్యమవుతోంది. ఆలస్యమైతే ఇంకోసారి పిలవడం లేదు. బస్సు జమ్మలమడుగు చేరేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది.

ఇంటికి వచ్చి రహమతుల్లాకు చెప్పింది. చెల్లాచెదురైన మేళగాళ్లను పదిమందిని మళ్లీ కలపాలి. అందరినీ ఒకేసారి తీసుకుపోవడానికి పాత వ్యాను ఒకటి కొనాలి. ముహూర్తాలు లేని నెలల్లో ఒక్కొక్కరికీ ఇల్లు గడిచేంత జీతం ఇవ్వాలి. జీతం తీసుకున్నవాళ్లు ఫ్యాక్టరీకి పోకూడదు, రోజూ పొద్దున సాధన చేయాలి, ఒక పొద్దునకు ఒకే పెళ్లి ఒప్పుకోవాలి.

రహమతుల్లాకు కోపం వచ్చింది. ఆల్బం మాట ఎటుపోయిందన్నది అసలు బాధ. దాన్ని బయటికి చెప్పలేక ఇంకోటి అన్నాడు.

"పని లేని నెలలకు కూలి ఇచ్చేటోళ్లు యాడన్నా ఉండారామే? ఊరు నవ్వుతాది."

"ఎద్దుకు దున్నేరోజే మేత ఏస్తారా? ఎండాకాలమంతా ఎయ్యల్ల కదా," అంది హుసేనమ్మ. "నీ తమ్ముని గుక్క పోయింది. ఇంగ రెండేళ్లకు నీది పోతాది. అప్పుడు ఏం తీస్తావు ఆల్బం?"

అతను లేచి బయటికి పోయాడు. మరునాడు ముద్దనూరు పోయి, అక్కడ ఉన్న ఇద్దరు డోలు వాద్యగాళ్లను వెంటపెట్టుకొని వచ్చాడు. ఒప్పుకున్నానని మాత్రం నోటితో అనలేదు.

ఆ ఏడు మూఢం పొడవుగా వచ్చింది, దాని వెనకే ఆషాఢం. నాలుగు నెలల్లో బ్యాంకు డబ్బు కరిగిపోతుంటే హుసేనమ్మకు కంటిమీద కునుకు లేదు. కాలనీ వాళ్లు నవ్వనే నవ్వారు. పొద్దున్నే పదిమంది మగవాళ్లు హుసేనమ్మ ఇంటి పక్క రేకుల షెడ్డులో కూర్చుని పీపీ అని ఊదుతుంటే, దానికి ఒక ఆడది జీతమిస్తోందని కథలుగా చెప్పుకున్నారు. ఒకరోజు అలీ అహ్మద్ అనే డోలు వాద్యగాడి కనుబొమ్మల మీద తెల్లటి పొడి కనిపించింది. జీతం తీసుకుంటూనే మధ్యాహ్నం పాలిష్ పనికి పోతున్నాడు. రహమతుల్లా అతన్ని తీసేయమన్నాడు. హుసేనమ్మ అతని ఇంటికి పోయి, భార్యను అడిగి, కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సి ఉందని తెలుసుకుంది. ఫీజు ఆమె కట్టలేదు, ఆ స్తోమత లేదు. తన దగ్గరికి వచ్చే జాకెట్ల పనిలో సగం అలీ అహ్మద్ భార్యకు ఇచ్చింది. అతను ఫ్యాక్టరీ మానేశాడు. ఇంకొకడు మాత్రం రెండు నెలల జీతం తీసుకొని కనబడకుండా పోయాడు. ఆ మనిషి సంగతి ఎత్తితే ఆమె ఇప్పటికీ మాట మారుస్తుంది.

సాధనలో ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. రోజూ పొద్దున కూర్చోవడంతో రహమతుల్లాకు తండ్రి నేర్పిన పాత కీర్తనలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పెళ్లి నుంచి పెళ్లికి పరుగెత్తే రోజుల్లో ఎప్పుడో వదిలేసినవి అవి. మరచిపోయిన చోట నయీం అందించేవాడు. నయీం ఇక గట్టిగా ఊదలేడు గాని, గమకం ఎక్కడ తప్పిందో చెప్పగలడు. అతన్ని సాధన చేయించే మనిషిగా పెట్టి, మిగతా అందరితో సమానంగా జీతమిచ్చింది హుసేనమ్మ. అన్నదమ్ములిద్దరూ ఊరు మునిగాక అంతసేపు కలిసి కూర్చున్నది అప్పుడే. ఒకరోజు గుమ్మంలో నిలబడి వింటూ ఆమె చేతిలోని గుడ్డ కుట్టడం మరచిపోయింది.

పెళ్లిళ్లకు మూఢం గాని దేవుడి ఉత్సవాలకు మూఢం లేదని ఆమెకు తట్టింది కూడా ఆ రోజుల్లోనే. కొత్తగా కొన్న పాత వ్యానులో చక్రాయపేట వైపు పల్లెలన్నీ తిరిగింది. ఒక గుడి కమిటీలో ఉన్న శివ అనే ఆయన, ఏటా ఉత్సవాలకు మేళం దొరక్క రికార్డు పెట్టుకుంటున్నామని చెప్పాడు. తొమ్మిది రోజులకు మాట్లాడుకున్నారు. ఆ డబ్బు జీతాల్లో సగానికి కూడా రాలేదు. అయినా ఖాళీ నెలలో సన్నాయికి వచ్చిన మొదటి డబ్బు అది. హుసేనమ్మ దాన్ని తెచ్చి భర్త చేతిలో పెట్టింది. అతను లెక్క చూడకుండానే ఆమెకు తిరిగిచ్చాడు. ఆ రోజు నుంచి వ్యాను ముందు సీటు ఆమెకు వదిలేసి తాను వెనక కూర్చోసాగాడు.

శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యాయి. కృష్ణమ్మ మరిది కొడుకు పెళ్లి మొదటిది. ముందురోజు సాయంత్రమే వ్యాను పులివెందుల చేరింది. అందరికీ ఒకే రంగు చొక్కాలు, హుసేనమ్మ కుట్టినవే. గట్టిమేళం అన్నప్పుడు రహమతుల్లా సన్నాయి, నయీం సాధన చేయించిన కుర్రాడి సన్నాయి, నాలుగు డోళ్లు ఒక్కసారి లేచేసరికి మాటల్లో ఉన్న మగవాళ్లు సైతం తలలు తిప్పి చూశారు. పెళ్లయ్యాక కృష్ణమ్మ మేళం దగ్గరికి వచ్చి, వాయించిన అందరి పేర్లూ అడిగి తెలుసుకుంది. పెద్దముడియం నుంచి, ముద్దనూరు నుంచి ఫోన్లు రావడం ఆ వారంలోనే మొదలైంది.

ఇది నాలుగో ఏడు. మేళంలో ఇప్పుడు పద్నాలుగు మంది ఉన్నారు. పెట్టిన డబ్బు పూర్తిగా తిరిగి రాలేదు, వస్తుందని ఆమె ఎవరికీ చెప్పదు. మూఢంలో జీతం మాత్రం ఒక్క నెల కూడా ఆపలేదు. పాలిష్ ఫ్యాక్టరీకి పోయే మేళగాడు ఆ పద్నాలుగు మందిలో లేడు. పోయిన ఏడు ఎడ్విన్ తన సామాను తెచ్చుకొని షెడ్డులో మూడు పూటలు రికార్డు చేసుకున్నాడు. ఖర్చు అతనిదే, పేర్లు మాత్రం పద్నాలుగూ వేయాలని ఆమె షరతు పెట్టింది. అది ఫోన్‌లోకి వచ్చాక రహమతుల్లా తన పేరు వచ్చే చోట ఆపి, కాలనీలో అందరికీ చూపించాడు. అతని అలక అప్పుడు తీరింది.

మొన్న వేసవిలో ఆమె దూరపు బంధువు గోవిందమ్మ వచ్చింది. మేళం ఇళ్లలో మతాలు కలిసిన పెళ్లిళ్లు ఉన్నాయి, అలా చుట్టం. రోడ్డు వెడల్పులో స్థలం పోయి డబ్బు వచ్చిందట. నీ మాదిరే మేళంలో పెడతానంది. హుసేనమ్మ మంచిదనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"ముందు ఒక నెల మా వెంట సంచులు మొయ్యి," అంది. "వాళ్లు ఎట్ల బతుకుతాండారో చూడు. ఆమీట నీకే తెలుస్తాది."

గోవిందమ్మ రెండు పెళ్లిళ్లకు వచ్చింది. ఎండ, నిద్ర లేకపోవడం, వేళ కాని వేళ తిండి ఆమెకు పడలేదు. ఊరికి పోయి చేనులో బోరు వేయించుకుంది, నీళ్లు బాగానే పడ్డాయి. ఆ మాట చెబుతూ ఫోన్ చేస్తే హుసేనమ్మ సంతోషించి, చేను తెలిసిన మనిషి దుడ్లు చేనులో పెట్టడమే మేలని చెప్పి, వ్యాను కదులుతోందని ఫోన్ పెట్టేసింది.