హేమ చెప్పిన మొసలి జాతి

మా థర్మల్ స్టేషన్‌లో ఒక కట్టుబాటు ఉంది. షిఫ్టు అయిపోయినా సరే, తర్వాతి మనిషి వచ్చి కుర్చీలో కూర్చునేదాకా ముందు మనిషి లేవకూడదు. ఆ వచ్చేవాణ్ణి రిలీవర్ అంటాం. రిలీవర్‌కి జ్వరం వచ్చినా, కృష్ణ బ్రిడ్జి మీద లారీ చెడిపోయి బస్సు ఆగిపోయినా, కూర్చున్నవాడు ఇంకో షిఫ్టు కూడా లాగించాల్సిందే. బాయిలర్ని వదిలేసి అన్నానికి పోతానంటే కుదరదు. కంట్రోల్ రూములో నేను మారుతికి రిలీవర్ని. ఏళ్ల తరబడి అతను లేచిన కుర్చీలోనే కూర్చున్నాను. అందుకే ఈ సంగతి చెప్పాల్సింది నేనే అనుకుంటున్నాను.

నా పేరు శేషయ్య, మాది రేపల్లె వైపు. ఉద్యోగానికని రాయచూరు జిల్లాకొచ్చి ఈ శక్తినగర్ క్వార్టర్సులో పాతుకుపోయాను. మారుతిది రాయచూరు పక్కనే ఉన్న యరగేర. ఇద్దరిదీ తెలుగే అయినా మొదట్లో అతను ‘గిట్ల’ అంటే నేను నవ్వేవాణ్ణి, నేను ‘అట్టాగా’ అంటే అతను నవ్వేవాడు. అంతకు మించి మా మధ్య పెద్దగా మాటలుండేవి కావు. చార్జి అప్పగించేటప్పుడు యంత్రాల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, టిఫిను డబ్బా పట్టుకుని వెళ్లిపోయేవాడు. కూతురు జబ్బు పడ్డాకే ఆ మనిషికి మాటలొచ్చాయి.

హేమశ్రీ మారుతికీ అంజమ్మకీ ఒక్కతే కూతురు. డిగ్రీలో చేరిన ఏడాదే మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. వారంలో సగం రాయచూరులో డయాలిసిస్ మంచం మీద, మిగతా సగం ఇంట్లో మంచం మీద. సూది పొడిచిన చోటే మళ్లీ మళ్లీ పొడిచి, చేతిమీద నరం తాడులా ఉబ్బిపోయింది. కాలేజీ ఆగిపోయింది. స్నేహితులు మొదట్లో వచ్చారు, తర్వాత ఫోన్లు చేశారు, తర్వాత అదీ లేదు. ఆ పిల్లకి మిగిలింది ఒక పాత లాప్‌టాప్, అందులో ‘ఏడు కోటలు’ అనే ఆట.

ఆ ఆట గురించి నాకు తెలిసింది చెబుతాను. ఎక్కడెక్కడివాళ్లో వేలమంది ఒకేసారి ఆడతారు. ఆడేముందు ఒక జాతిని ఎంచుకోవాలి. మనుషులు, మరుగుజ్జులు, పొడుగు చెవుల అడవివాళ్లు, కొమ్ముల రాక్షసులు. ఏ జాతిని ఎంచుకుంటే ఆ ఒళ్లు వస్తుంది. ఎప్పుడో ఒకసారి కంపెనీవాళ్లు కొత్త జాతిని దింపుతారు. దింపేముందు ఒక బొమ్మ వదిలి ఊరిస్తారు. ఇక చూడండి, ఆడేవాళ్లంతా ఆ బొమ్మ మీద ఎగబడతారు. మూలనున్న మచ్చ ఈకా, పొలుసా అని నెలల తరబడి తగువులు. పనీపాటా లేని మేళమని నేను తిట్టుకునేవాణ్ణి. తెలుగువాళ్లకి దీనికోసం ఒక గ్రూపు కూడా ఉంది. మా క్వార్టర్సు పక్కనున్న ఊరి పేరు కలిపి, అందులో ఈ పిల్ల పేరు ‘దేవసూగూరు హేమ’. ఫొటో పెట్టాల్సిన చోట కృష్ణ ఒడ్డు బండలు పెట్టుకుంది.

ఆ ఏడాది కంపెనీ వదిలిన బొమ్మలో ఒక ఏరు, ఇసుక దిబ్బ, అందులో సగం పూడ్చిన గుడ్లు ఉన్నాయట. గ్రూపులో చాలామంది తాబేళ్ల జాతి వస్తుందన్నారు. ‘గోదారి నక్క’ అని పేరు పెట్టుకున్న కుర్రాడొకడు మాత్రం, గుడ్లు దొంగిలించే నక్కల జాతి అని వాదించాడు. వాడికి ఏ బొమ్మ చూపించినా అందులో నక్కే కనిపిస్తుంది. హేమ మొసలి అంది. దేవసూగూరు దగ్గర కృష్ణలో మొసళ్లున్నాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే బండలెక్కి నోరు తెరుచుకుని పడుకుంటాయి. బట్టలుతికేవాళ్లు చూసి కాస్త అవతలికి జరుగుతారు, అంతే.

బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వెళ్లిన రోజున అడిగాను.

“అన్నీ వదిలేసి మొసలేమిటమ్మా? అందంగా ఉండేది ఏదన్నా కోరుకోవచ్చుగా?”

“అందం ఏం చేసుకోవాలె అంకుల్? దాని తోలుకు సూది దిగదు,” అంది నవ్వుతూ. “ఆ ఒళ్లు తొడుక్కొని ఒక్కసారి ఏట్ల దుంకాలె. గంతే.”

పక్కనే ఉన్న మారుతి బత్తాయి ఒలుస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

అప్పట్నుంచి మొసలి జాతి అతనికి ఆట కాకుండా పోయింది. చార్జి ఇచ్చేటప్పుడు యంత్రాల సంగతి అయ్యాక, “ఇంకా రాలేదన్నా,” అనేవాడు. కంపెనీ ఏదో కబురు చెబితే మొహం వెలిగేది. “అది వచ్చేదాక నా బిడ్డకు ఏం గాదన్నా. పట్టుదల మనిషి అది,” అని నాకు ధైర్యం చెప్పేవాడు, నేనేదో బెంగపెట్టుకున్నట్టు. డయాలిసిస్ మంచం దగ్గర కూర్చుని, ఆమె చెబుతుంటే గ్రూపులో టైపు చేసేది కూడా అతనే, ఆమె చెయ్యి కదపకూడదు గనక. కంపెనీ మాత్రం ఒకసారి వాయిదా వేసింది, మళ్లీ వేసింది. శ్రావణంలో ముసురు పట్టిన రోజుల్లో హేమ పోయింది.

కర్మలు అయ్యాక మారుతి డ్యూటీకొచ్చాడు. చార్జి ఇస్తూ, నా మొహం చూడకుండా అడిగాడు.

“గ్రూపుల హేమను అడుగుతున్నరన్నా. ఏడ పోయినవ్ హేమా అని. ఏం జవాబియ్యాలె?”

“ఉన్నమాట రాసెయ్, మారుతీ.”

“ఎట్ల రాస్త? మొసలి జాతి ఇంక రానే లేదు. రిలీవర్ రాకుంట సీటు ఖాళీ చేస్తమా?”

దుఃఖంలో ఏదో అంటున్నాడనుకున్నాను. కానీ ఆ మనిషి నిజంగానే వెళ్లి కూతురి చోట కూర్చున్నాడు. అదే లాప్‌టాప్, అదే పేరు. పాత రాతలన్నీ చదివి ఆమె మాట తీరు పట్టుకున్నాడు. ‘నేనున్న. మొసలే వస్తది, చూస్తుండుండ్రి’ అని రాశాడు. గ్రూపువాళ్లు సంబరపడ్డారట. నక్క కూడా, ‘వచ్చావా తల్లీ, నువ్వు లేక తగువులో ఉప్పూకారం లేదు’ అన్నాడట. అది చెబుతూ మారుతి నవ్వాడు. కూతురు పోయాక ఆ మొహంలో నవ్వు చూడ్డం అదే మొదలు. తప్పని తెలుస్తున్నా నేను గట్టిగా చెప్పలేకపోయాను.

అంజమ్మకి మాత్రం అది అస్సలు గిట్టలేదు. ఒకసారి వాళ్లింటికి వెళ్తే గడపలోనే ఆపి మెల్లగా అంది.

“లోపల ఒక్కడే మాట్లాడుతుంటడు శేషయ్యన్నా. అన్నం పెట్టి పిలిస్తే, ‘జర ఆగమ్మా’ అంటడు, అచ్చం హేమ అన్నట్టే. బిడ్డ పోయి ఒక ఏడుపు, ఈయన బిడ్డ అయి ఇంకో ఏడుపు.”

చలికాలం వచ్చింది. ఒక బొమ్మలో కాలి గోరు పట్టుకుని నెలలు గడిపే జనం, మనిషిని వదిలిపెడతారా? గోదారి నక్కకి అనుమానం వచ్చింది. హేమ ఒక వారమంతా పొద్దున పూటే రాస్తోంది, మరుసటి వారం మధ్యాహ్నమైతే గానీ కనపడదు, ఆ మీది వారం సాయంత్రాలు. అది పట్టుకుని గ్రూపులో పెట్టేశాడు. ‘మా నాన్న కూడా గోదారి ఒడ్డున థర్మల్‌లోనే పనిచేశాడు. చిన్నప్పట్నుంచీ మా ఇంటి అన్నం వేళలన్నీ ఇలాగే మారేవి. ఇవి షిఫ్టులు. మంచం మీదున్న పిల్లకి షిఫ్టులేమిటి? ఎవరో థర్మల్ మామ ఆడపిల్ల పేరు పెట్టుకుని మనతో ఆడుకుంటున్నాడు.’

ఇక గ్రూపంతా కొత్త జాతిని వదిలేసి మారుతి మీద పడింది. ఆమె బతికుండగా రాసినవి కూడా తవ్వి తీశారు. జబ్బు అబద్ధమన్నారు. సూదులు అబద్ధమన్నారు. జాలి కోసం అల్లిన కథ అన్నారు. ‘మామకి సూదంటే భయం కాబోలు’ అని ఒకడు ఎకసెక్కమాడాడు.

మారుతి అప్పుడు ఉన్నదున్నట్టు రాశాడు. హేమ నా బిడ్డ, శ్రావణంలో పోయింది, అప్పట్నుంచి రాస్తున్నది నేను, ముందు రాసిందంతా ఆమే అని. ఒక్కడూ నమ్మలేదు. ‘కథ బాగుంది మామా, ఏడిపించావు’ అన్నారు. పోయిన మనిషి ఇన్నాళ్లు మాతో ఎలా మాట్లాడిందని అడిగారు. ఫొటో పెట్టమన్నారు. మారుతి గోడ మీద దండ వేసిన ఫొటో దింపబోతే అంజమ్మ అడ్డం నిలబడింది.

“వాళ్లు నవ్వుతరు. నవ్వేటోళ్ల ముందర నా బిడ్డను పెట్టకు,” అందట.

అతను ఫొటో వెనక్కి తగిలించేశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టుబట్టి నేనూ ఆ గ్రూపులో చేరాను. ఈ పిల్లని నా కళ్లతో చూశాను, బత్తాయిలు తీసుకెళ్లి ఇచ్చాను, నేను అదే స్టేషన్‌లో పనిచేస్తున్నాను అని రాశాను. కాసేపటికి నక్క జవాబిచ్చాడు. నేను కూడా థర్మల్ మామ పెట్టుకున్న రెండో పేరేనట. ముసలాడికి తీరిక ఎక్కువే అన్నాడు ఇంకొకడు. ఇంత మనిషిని, నేనున్నానని చెప్పుకోవడానికి నాకే దారి దొరకలేదు. పోయిన పిల్లకి ఎక్కడ దొరుకుతుంది? ఫోను విసిరి కొట్టబోయి, మళ్లీ కొనాలి గదా అని ఊరుకున్నాను.

ఎండాకాలంలో కంపెనీ ప్రకటించింది. మొసలి జాతే.

ఆ రోజు నాది మధ్యాహ్నం షిఫ్టు. నేను వెళ్లేసరికి మారుతి కుర్చీలో ఉన్నాడు. కబురు నాకు అప్పటికే తెలుసు, గ్రూపులో చూశాను. అంతా కేకలే. ‘థర్మల్ మామ గెలిచాడు’, ‘మామా, నువ్వు సామాన్యుడివి కాదు’. నక్క కూడా ఓడిపోయానని ఒప్పుకుని దండం బొమ్మ పెట్టాడు. వాళ్లలో కోపం పోయింది, ఎకసెక్కం కూడా పోయింది. మామ మీద నిజంగానే ప్రేమ పుట్టింది వాళ్లకి. మారుతి ప్రతి ఒక్కరికీ ‘నేను కాదు, నా బిడ్డ చెప్పింది’ అని జవాబు రాశాడు. దానికీ నవ్వు బొమ్మలే.

అతను యంత్రాల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. బొగ్గు పొడిచేసే కోల్ మిల్లు ఒకటి ఆపామన్నాడు. తర్వాత ఏదో ఒకటి అడగాలని అడిగాను.

“ఆ మొసలి ఒళ్లు తీసుకున్నావా ఆటలో?”

“నాకెందుకన్నా ఆ తోలు? నన్నెవరు పొడుస్తున్నరు?”

అలా అన్నాడే గానీ కళ్లనిండా నీళ్లు.

“గెలిచింది మామ అంట అన్నా. నా బిడ్డ పుట్టనే లేదంట.”

భుజం మీద చెయ్యి వేశాను. షిఫ్టు దాటిపోతోంది, అతను లేవడం లేదు.

“లేవవోయ్. నేనొచ్చాగా,” అన్నాను.

లేచాడు. టిఫిను డబ్బా అందుకుని, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి కుర్చీ వంక చూశాడు.

“గ్రూపుల ఖాళీగ వదిలేసుంటే హేమ కుర్చీ అనెటోళ్లు. నేనే పోయి కూసున్న. ఇప్పుడది నాదైపోయింది.”

ఆ మాట అని వెళ్లిపోయాడు. నాకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. బాయిలర్ నడుస్తోంది గనక కూర్చున్నాను.