మామ పేరు మీద పోయిన లవ్ లెటర్లు

“శీనూ, ఓ శీనూ, సీదా లోపలికి రా. చెప్పులు తర్వాత ఇడువు.”

మొన్న ఆదివారం ఎల్లారెడ్డిల బస్సు దిగి మామ ఇంటి గల్మ తొక్కిన్నో లేదో, మామ కేక. వైద్యం చేస్తానికి పోయినోన్ని, నా రోగమే బయటపెట్టుకొని వచ్చిన, ఇనుండ్రి.

నేను కామారెడ్డిల ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపుల పనిచేస్త. చదివింది ఇంటర్, అదీ సగమే. అయినా మా చుట్టాలందరికి కంప్యూటర్ డాక్టర్ని నేనే. మామది ఎరువుల దుకాణం. ఆర్డర్ల కోసం ఇంట్ల కంప్యూటర్ పెట్టుకున్నడు. దాంట్లకెళ్లి ఆ పొద్దున, మామ మెయిల్ల పేర్లున్నోళ్లందరికి ఒక లెటర్ పోయిందట. “నువ్వు లేక నేను ఉండలేను. కింది ఫైల్ తెరువు” అని.

ఎరువుల కంపెనీ మేనేజర్‌కు పోయింది. వ్యవసాయ ఆఫీసర్‌కు పోయింది. గంతవరకైతే నవ్వుకునేటోళ్లమే. మాచారెడ్డిల టీచర్ పనిచేసే సుజాతకు గూడ పోయింది. సుజాత అంటే అత్తమ్మకు సొంత చెల్లె. మామకు మరదలు.

మరదలితోని పరాచికాలాడుడు మా దిక్కు మామూలే. పెండ్లిల మీద రంగు పోసినా ఎవ్వరేమనరు. రాతల పెడితేనే కత వేరైతది.

అత్తమ్మ బ్యాగు సర్దుకొని కూసుంది. “నాలుగింటి బస్సుకు మాచారెడ్డి పోత శీనూ. ఎన్నొద్దుల సంది నడుస్తుందో దాన్నే అడుగుత.”

“నాకు టైపింగే సక్కగ రాదే,” అన్నడు మామ. “పొటాష్ అని కొట్టుటానికే పది నిమిషాలైతది.”

“ప్రేముంటే వేళ్లు అవే నడుస్తయి.”

నేను స్కాన్ పెట్టిన. తెర మీద పచ్చగీత నత్త లెక్క పోతుంది. “ఇది వైరస్ అత్తమ్మా, ఎవడో దొంగోడు పంపిండు,” అన్న.

“ఎవరన్న తెరిస్తేనే గద లోపలికి వచ్చేది. టీవీల చెప్పిండ్రు. నేనైతే తెరువలే. ఇంట్ల ఇంకెవరున్నరు, మీ మామ తప్ప?”

మీకైతే చెప్తున్న, ఎవరు తెరిచిండ్రో నాకెరుకే. పోయిన వారం మామ, అత్తమ్మ బిచ్కుందల పెండ్లికి పోతూ నన్ను ఇంటికి కావలి పెట్టిండ్రు. ముసురు పడుతుంది, నేను మామ కంప్యూటర్ ముందట కూసున్న. ఎదురింటి మిద్దె మీద ఒక పిల్ల బట్టలు తీసుకుంటూ ఒక్కసారి ఇటు చూసినట్టే అనిపించింది. అదే గడియల మామ మెయిల్ల ఒకటి వచ్చింది. “నిన్ను రోజూ దూరం నుంచి చూస్తున్న. నా మనసంత ఇందుల రాసిన” అని. కుర్చీ ముందటికి జరుపుకున్న. నొక్కిన. ఏం కనబడలే. ఏడుసార్లు నొక్కిన.

మూడున్నరైంది. అత్తమ్మ చెప్పులేసుకుంది. మామ గల్మకు అడ్డం నిలవడి, నా దిక్కు చూసిండు. ఎవ్వరి ముందట తల వంచని మనిషి, కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు.

“ఆగు అత్తమ్మా. మామ తెరువలే. నేనే తెరిచిన.”

“మీ మామకు వచ్చింది నువ్వెందుకు తెరిచినవ్?”

“నాకే వచ్చిందనుకున్న.”

“మీ మామ అడ్రస్‌కు వస్తే?”

“ఎదురింటి పిల్లకు నా అడ్రస్ ఎరుకలేక మామ అడ్రస్‌కు పెట్టిందనుకున్న. జవాబు గూడ రాసిన అత్తమ్మా. ఫైల్ తెరుసుకుంట లేదు, మిద్దె మీదికి వచ్చి నోటితోనే చెప్పు అని.”