బెర్తా సమాధి వెతుక్కుంటూ బరోసాకి

శనివారం పొద్దున ఏడూ పదికి మాసన్ లేక్స్ స్టేషన్లో గాలర్ రైలెక్కేటప్పటికే నా అరచేతులకు చెమట పట్టింది. ఎండ ఇంకా ముదరలేదు, భయమే ముదిరింది. నా పక్కన డెబ్బై తొమ్మిదేళ్ల హెలెన్ ఉంది. మేమిద్దరం ఊరు దాటుతున్నట్టు ఆవిడ కూతురు లిండాకు తెలియదు. యూనివర్సిటీలో చదువుకుంటూ నేను అద్దెకుంటున్నది ఆ లిండా ఇంట్లోనే. ఫ్రిజ్ మీద ‘లైబ్రరీకి వెళ్తున్నాం’ అని చీటీ అంటించి వచ్చాను. దారిలో పుస్తకాల బిల్డింగు ఒకటి కనబడకపోతుందా, అప్పుడు సగమైనా నిజమవుతుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తెనాలిలో గాజుల కొట్టు మీద పెరిగినదాన్ని, ఇలాంటి సర్దుబాట్లు పుట్టుకతో వచ్చాయి.

హెలెన్‌ది అమెరికాలో నెబ్రాస్కా, కూతుర్ని చూడటానికి వచ్చింది. జర్మనీ నుంచి వెళ్లిన నోయ్‌మన్ అనే రైతు కుటుంబం, ఇప్పటికీ మొక్కజొన్న పండిస్తారు. అయితే ఆ నోయ్‌మన్‌లు జర్మనీ నుంచి తిన్నగా అమెరికా వెళ్లలేదు. ముందు ఇక్కడికే, దక్షిణ ఆస్ట్రేలియాకు వచ్చి, బరోసా లోయ అవతలి పొడి నేలలో కొన్నేళ్లు గోధుమ వేశారు. వానలు మొహం చాటేశాక మళ్లీ ఓడెక్కారు. అప్పటికి వాళ్లకు ఆరుగురు పిల్లలు. ఓడెక్కింది ఐదుగురు. ‘బెర్తా జ్వరంతో పోయింది. పాతిపెట్టి బయల్దేరాం’ అన్నది ఆ ఇంట్లో తరతరాల మాట. ప్రతి జులైలో బంధువులంతా కలిసినప్పుడు ఇంటి పెద్ద లేచి నిలబడి ఈ కథ చెప్పాలి. ఈ ఏడు ఆ వంతు హెలెన్‌ది.

చిక్కల్లా ఆవిడ తాతగారితో వచ్చింది. ఓడెక్కేనాటికి ఆయనకు ఐదేళ్లు. ముసలితనం దాకా ఆయన ఒకటే మాట అన్నాడట: “బెర్తా చావలేదు. గేటు దగ్గర నిలబడి మాకు చెయ్యి ఊపింది.” చిన్నప్పుడు అన్నం బల్ల దగ్గర ఆ మాటన్నందుకు వాళ్ల నాన్న బెల్టు తీశాడట. పెద్దయ్యాక అంటే అందరూ నవ్వారు.

“పదేళ్ల పిల్లని, నేనూ నవ్వాను,” అంది హెలెన్ వారం కిందట వంటింట్లో. “ఆయన పోయేముందు కూడా అదే అన్నాడు. పై వారం మంగళవారం నా విమానం. నన్ను తీసుకెళ్తావా?”

చచ్చిపోయినవాళ్ల కోసం బతికున్నదాన్ని ఈ ఎండల్లో తీసుకెళ్లనని లిండా అప్పటికే తేల్చి చెప్పేసింది. నేను ఊరికే ఒప్పుకుంటానా? హెలెన్ ఒకప్పుడు బడిలో ఇంగ్లీషు చెప్పేది. నా థీసిస్ మూడు చాప్టర్లు దిద్దాలన్నాను. ఒకటి, అంది. రెండు, అన్నాను. సరేనంది. మంచి బేరం కుదిరిందని మురిసిపోయాను. వృద్ధురాలికి దారిలో ఏదన్నా అయితే అన్న లెక్క ఆ బేరంలో నేను వేసుకోలేదు.

రైల్లో ఎదురు సీటులో యూనిఫాం వేసుకున్న ఒకావిడ నా చేతిలోని పులిహోర డబ్బా వంక చూసి తెలుగులో పలకరించింది.

“ఏ ఊరమ్మా మనది?”

“తెనాలి, ఆంటీ.”

“మాది బాపట్లే! గాలర్లో ఏజ్డ్ కేర్‌లో, ముసలోళ్లని చూసుకునే పని చేస్తన్నాను. ఈ లేడీ ఎవరు, మీ ఓనరా?”

“ఓనర్ వాళ్ల మమ్మీ. బరోసా అవతల సిమెట్రీకి వెళ్తున్నామండి.”

“ఫార్టీ డిగ్రీస్ అంటన్నాడు కదా ఇవాళ! బుద్ధుందా నీకు?” అని హెలెన్ వైపు తిరిగి చక్కగా నవ్వి, మళ్లీ నాతో, “విను. గుక్క గుక్కగా నీళ్లు పట్టు. చెమట ఆగిపోయినా, మాట తడబడినా నీడకి లాగేసి అంబులెన్సుకి కొట్టు. మొహమాటపడమాక. ప్రభువు తోడుంటాడులే,” అంది.

ఆవిడ ఏమందని హెలెన్ అడిగితే, “ప్రయాణం బాగా జరగాలంటోంది,” అని చెప్పాను. ఆ క్షణం నుంచి సాయంత్రం దాకా ఆవిడ నుదుటి మీద చెమట ఉందా లేదా అని చూడటమే నా పనైపోయింది.

గాలర్ నుంచి బరోసాకు ఎనిమిదిన్నరకు బస్సు. వెళ్లదలచినవారు శనివారం బస్సుల వేళలు ముందే చూసుకోండి. చాలా తక్కువ. తిరుగు బస్సుల్లో ఆఖరిది మాకు మూడూ నలభైకి. బరోసాలో ఒక చిన్న పట్నంలో దిగాక బేకరీకి వెళ్లాం. అక్కడ అన్నిట్లోనూ మాంసమే. హెలెన్ మాత్రం పైన చక్కెర పొడి ముద్దలు చల్లిన రొట్టె కొరికి, “మా అమ్మమ్మ చేసేది ఇదే!” అని కళ్లు మూసుకుంది. నోయ్‌మన్‌లు గోధుమ వేసిన చోటి పాత చర్చి దాకా, మిగిలిన దారికి బస్సు లేదు. టాక్సీ డ్రైవరుతో పావుగంట బేరమాడి, మధ్యాహ్నం రెండింటికి మళ్లీ వచ్చి తీసుకెళ్లేట్టు ఒప్పించాను. గెలిచినట్టే అనిపించింది. చర్చి ముందు మమ్మల్ని దించి దుమ్ము లేపుకుంటూ అతను వెళ్లిపోయాక ఫోను చూసుకున్నాను. సిగ్నల్ లేదు.

పదకొండూ పది. చర్చికి తాళం. చుట్టూ కోసేసిన గోధుమ పొలాలు, కనుచూపు మేరలో ఇల్లు లేదు. వేడి గాలికి రేకు ఒకటి ఎక్కడో కొట్టుకుంటోంది. ఆ రోజు ఎక్కడా నిప్పు ముట్టించకూడదని దారి పొడవునా బోర్డులు చూశాం. ఆ ఎండుగడ్డి చూస్తే నాకు రవంత పొగ వాసన వస్తున్నట్టే ఉంది. గేటు మీద పాములున్నాయి జాగ్రత్త అని రాసి ఉంది. నేను ముందు నడుస్తూ ప్రతి అడుగుకీ దబదబా నేల తొక్కాను.

“ఎవర్ని తరుముతున్నావు?” అంది హెలెన్.

“ఎవరూ రాకముందే తరుముతున్నాను,” అన్నాను.

కొట్లో గాజులు సైజు వారీగా, రంగు వారీగా పేర్చే ఇంట్లో పుట్టాను. ఒక జాతి సరుకు ఒకచోట ఉండాలి. ఒక నోయ్‌మన్ రాయి దొరికితే మిగతా నోయ్‌మన్‌లంతా దాని చుట్టూ ఉంటారని నా ధీమా. అరగంటకు దొరికింది, ఓడెక్కకుండా ఇక్కడే ఉండిపోయిన, హెలెన్ తాతగారి చిన్నాన్నది. దాని చుట్టూ గంటకు పైగా చీపురుతో ఊడ్చినట్టు వెతికాను. అటూ ఇటూ అందరూ వేరే ఇంటిపేర్లవాళ్లే. ఆయన భార్య కూడా పక్కన లేదు. హెలెన్ ఒక చెట్టు నీడలో కూర్చుంది. ఆవిడ మాటలు తగ్గాయి. నుదురు చూశాను. పొడిగా ఉంది.

సీసాలో నీళ్లు సగం తాగించి, మిగతా సగం చున్నీ మీద పోసి ఆవిడ మెడకు చుట్టాను. “హెలెన్, మీ పేరు చెప్పండి,” అన్నాను. “ఇప్పుడే నువ్వు చెప్పావుగా,” అంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. రెండు చాప్టర్ల కోసం ఒక ప్రాణాన్ని ఈ మనిషి జాడ లేని చోటికి లాక్కొచ్చాను. ఏమన్నా జరిగితే ముందు లిండా అడుగుతుంది, తర్వాత పోలీసులు అడుగుతారు. చెప్పడానికి నా దగ్గర ఫ్రిజ్ మీద చీటీ తప్ప ఏమీ లేదు.

ఒంటిగంట దాటాక దుమ్ము రేపుకుంటూ ఒక వ్యాను వచ్చింది. టోపీ పెట్టుకున్న ముసలాయన దిగాడు, వెనక కుక్క. తోలేస్తాడేమో అనుకున్నాను. ఆయన ముందు మంచు నీళ్ల డబ్బా దించి హెలెన్‌కు పట్టాడు. చర్చి చూసుకునే ట్రెవర్. పక్క కొండ మీద నుంచి ఎవరో గడ్డిలో తిరుగుతుంటే చూసి, నిప్పు పెడతారేమోనని వచ్చాడట.

“రెండు గంటల్నుంచి కుటుంబం కోసం వెతుకుతున్నావా?” అని, మేమొచ్చిన పని విని ఆయన పకపకా నవ్వాడు. “ఇక్కడ కుటుంబాలుండవు, అమ్మాయ్. ఎవరు ముందు పోతే వాళ్లు ముందు, పోయిన తేదీల వరస. పక్కన ఎవరొస్తే వాళ్లే. మొగుడు ఈ చివర, పెళ్లాం ఆ చివర. పాత లూథరన్ చర్చివాళ్ల పద్ధతి. పిల్లలకి వేరే వరసలు, అదిగో గోడవార.”

గోడవార మోకాలెత్తు రాళ్లు, ఇనప శిలువలు. మూడో వరస మధ్యలో ఒక శిలువ పలక మీద బెర్తా నోయ్‌మన్ అని చెయ్యి ఆనిస్తే తెలిసింది. పేరు కింద భాగమంతా తుప్పు తినేసింది. తేదీ లేదు.

హెలెన్ నిట్టూర్చింది. ఆవిడకు నిరాశో, బతికిపోయాననో నాకు తెలియలేదు. అప్పుడే నా కళ్లు పక్కకు పోయాయి. పోనివ్వకుండా ఉండాల్సింది. ఎడమ పక్క రాయి మీద తేదీ ఉంది, జనవరి. కుడి పక్క రాయి మీద అదే ఏడు ఫిబ్రవరి. హెలెన్ సంచీలో ఉన్న ఓడ కాగితం నకలు నేనే రాత్రి పదిసార్లు చూశాను. వాళ్లు ఓడెక్కింది దానికి ముందటేడు మే నెల.

వరసగా పెడతారన్న మాట ఆవిడా విన్నది. అయినా కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చుంది, చూడకుండా. తేదీ లేదు కదా, వెళ్దాం పదండి అనెయ్యొచ్చు. అమ్మే సరుకులో లోపం కప్పిపెట్టే నేర్పు నాకు లేక కాదు. చెబితే వందేళ్ల పైబడిన ఇంటి మాట కూలుతుంది. చెప్పకపోతే ఆ తాత పిచ్చివాడుగానే ఉండిపోతాడు.

“ట్రెవర్ అంకుల్, ఈ వరస ఎప్పుడైనా తప్పేదా?” అని అడిగాను, తప్పేదంటాడని ఆశతో.

“ఒక్క పాస్టర్లకే. మిగతా ఎవరికీ ఈ వరస తప్పలేదు.”

“ఏంటి శైలా? చెప్పు,” అంది హెలెన్.

బెర్తా పోయింది ఆ రెండు తేదీల మధ్యనని చెప్పాను. ఆవిడ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. మే నుంచి జనవరి. ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

“తాత కల కనలేదు,” అంది చివరికి. కళ్లజోడు పెట్టుకుని, “మా ముత్తవ్వ బిడ్డని వదిలేసింది,” అంది.

“ఓడ డాక్టరు జబ్బు పిల్లల్ని ఎక్కనిచ్చేవాడు కాదంటారు,” అన్నాడు ట్రెవర్, టోపీ తీసి. “నయమయ్యాక ఎవరి వెంటైనా పంపుదామనుకున్నారేమో. నాకు తెలీదు.”

టాక్సీ రెండూ పదిహేనుకు వచ్చింది. మూడూ నలభై బస్సు అందింది. గాలర్లో రైలెక్కాక, లిండా చేసిన ఫోన్లన్నీ చూసి, ఏ రైల్లో వస్తున్నామో ఆమెకు మెసేజ్ పెట్టాను. నేను ప్రయాణమంటే సామాను, టికెట్లు, వేళలు అనుకునేదాన్ని. వెళ్లేటప్పుడు లేని బరువు తెచ్చుకోవడం కూడా ప్రయాణమేనని ఆ రైల్లో తెలిసింది. దాన్ని మోయాల్సింది నేను కాదన్నది ఊరట కూడా కాలేదు.

సాల్స్‌బరీ స్టేషను దాటాక ఆవిడ గొంతు సవరించుకుంది. “జులైలో ఇలా చెబుతాను. బెర్తా బతికుండగానే వాళ్లు ఓడెక్కారు.” మళ్లీ అంది. మూడోసారికి వాక్యం కుదిరింది. “నువ్వు మా వాళ్లలో ఒకదానివనుకో. ఏమడుగుతావు?”

అడగకూడదనుకుంటూనే అడిగాను. “ఆ ఎనిమిది నెలలూ ఆ పిల్లని ఎవరు చూసుకున్నారు? ఆ చిన్నాన్నా?”

“అదే అడుగుతారు,” అంది హెలెన్. “నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాలి.”

రైలు మాసన్ లేక్స్‌లో ఆగింది. ప్లాట్‌ఫారం మీద లిండా ఉంది, ఒక చేతిలో నా చీటీ, మొహం జేవురించి. హెలెన్ నా భుజం పట్టుకుని లేచింది.

“జులై దాకా ఆగక్కర్లేదు,” అంది. “ముందు లిండాకి చెప్పాలి.”

తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడే ముందు దిగింది.