బాతుపిల్ల కథలో చివరి పేజీ

నా చిన్నప్పుడు తెనాలిలో మా వీధివాళ్లు వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను పారేసేవారు కాదు. వారం వారం ఆ కాగితాలు చింపి దాచి, కథ పూర్తయ్యాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసుకునేవారు. పక్కింటి అక్క దగ్గర అలాంటి పుస్తకం ఒకటుండేది. వరదలో తప్పిపోయిన తల్లిని కాలవ వెంట వెతుక్కుంటూ పోయే బాతుపిల్ల కథ అది.

అది మా అమ్మ చనిపోయిన ఏడాది. నాకింకా చదవడం రాదు. అక్కకీ అమ్మ లేదు. నాన్నకీ తమ్ముళ్లకీ వండిపెట్టేది తనే. సాయంత్రం వంట ముగించుకుని, అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కథ చదివేది. చివరి పేజీకి వచ్చిన రోజు ఎందుకో ఆగిపోయింది. నేను ఆగితేనా!

"ఏంటక్కా, ఆపేశావు? వాళ్లమ్మ వచ్చిందా?"

"వచ్చిందే. అదిగో, జమ్ములోంచి పిలుస్తోంది."

మా అమ్మ రాదని నాకు తెలుసు. బాతుపిల్లకైనా వచ్చింది కదా అని ఎంత సంబరపడ్డానో! ఆ తరువాత రోజూ ఆ పేజీయే చదివించుకునేదాన్ని.

నేను అక్షరాలు కూడబలుక్కునే వేళకి అక్కకి పెళ్లయింది. బాపట్ల కాపురానికి వెళుతుంటే పుస్తకం ఇచ్చి వెళ్లమని ఏడ్చాను. "పెద్దయ్యాక ఇస్తాలేవే" అంటూ పెట్టెలో పెట్టుకుపోయింది. నాకు ఒళ్లు మండింది. నాలుగు కాగితాలకి ఇంత పిసినారితనమా అని చాలాకాలం మూతి ముడుచుకున్నాను.

మొన్న వేసవిలో అక్క పోయిందని తెలిసి బాపట్ల వెళ్లాను. "పిన్నీ, ఇది మీకే ఇవ్వమందండి అమ్మ" అంటూ వాళ్లమ్మాయి ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. ఇంటికి తిరిగొస్తూ, తెనాలిలో రైలు మారి రేపల్లె రైలెక్కాక తెరిచాను. చివరి పేజీలో జమ్ము లేదు, పిలుపు లేదు. తల్లి రాలేదు. పొద్దుగూకే వేళకి బాతుపిల్ల ఒంటరిగా నీళ్లలోకి దిగింది. కథ అక్కడితో అయిపోయింది.

రైల్లో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. కళ్లెదుట ఆ అక్షరాలు పెట్టుకుని, నేను అడిగిన ప్రతిసారీ బాతుపిల్లకి తల్లిని రప్పించింది అక్క. తను మాత్రం ఉన్నదున్నట్టే చదువుకుంది. తనకి మార్చి చదివేవాళ్లు ఆ ఇంట్లో ఎవరున్నారు?

ఇప్పుడు మా మనవరాలికి ఆ కథ చదువుతున్నాను. చివరి పేజీ రాగానే "వచ్చిందే, జమ్ములోంచి పిలుస్తోంది" అంటాను. అక్కలా గొంతు వణక్కుండా అనడం మాత్రం నాకింకా చేతకావడం లేదు.