కూలర్ గడ్డి కట్టిన కారు

ఉపాయం లేనివాణ్ని ఊళ్లోంచి తరిమేయాలంటారు. ఉపాయం ఎక్కువైనవాణ్ని ఏం చేయాలో మాత్రం పెద్దలు చెప్పలేదు. చెప్పి ఉంటే, పెళ్లిచూపులకు పోతూ నేను కారును తగలబెట్టినంత పని చేసేవాణ్ని కాదు.

అప్పటికి నాకు మూడు సంబంధాలు తప్పిపోయాయి. నాలుగోది నిర్మల్‌లో. "పన్నెండు దాటితే మంచిగుండదు, ఆలోపే రండ్రి" అని పిల్ల తండ్రి ఫోన్ చేశాడు. మాది గోదావరిఖని, నెల మే. ఎండ సంగతి వేరే చెప్పాలా? నేను కొత్తగా కొన్న పాత కారులో ఇంజన్ ఆయిల్ వేడి చూపే ముల్లు ఒకటుంది. అద్దంలో నా మొహం కన్నా దాన్నే ఎక్కువ చూసుకునేవాణ్ని. ఈ ఎండకు ఆయిల్ కాగిపోతుందేమోనని ఒకటే బెంగ. ఇంట్లో కూలర్ కనబడగానే బుర్ర వెలిగింది. దాని గడ్డి ఊడదీసి, తడిపి, కారు ముందు జాలీకి తాళ్లతో బిగించాను.

మా బాపు బొగ్గుబాయిలో గాలి ఫ్యాన్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి.

"ఇదేందిరా?"

"ఆయిల్ సల్లగుంటది బాపూ."

"గాలాడకుంటె బాయిల మనిషే బతుకడు, ఇంజన్ ఎట్ల బతుకుతది?"

"నీకు తెల్వది, జర కూసో."

మంచిర్యాల దాటేసరికి గడ్డి ఎండి, దుమ్ము పట్టి గోడలా తయారైంది. ముల్లు ఎర్రగీత ఎక్కింది. ఆగి నీళ్లు చల్లితే దిగుతుంది, కదిలితే మళ్లీ ఎక్కుతుంది. ఖానాపూర్ దగ్గర ఏకంగా పొగే వచ్చింది.

"ఫికర్ చెయ్యకు బాపూ" అన్నాను గానీ, నాకు ఏడుపొక్కటే తక్కువ. ఈ సంబంధమూ పోయినట్టే అనుకున్నాను.

హోటల్లో నీళ్లు అడిగి తెచ్చేసరికి ఒక బర్రె నా గడ్డినంతా పీకి నములుతోంది. కొట్టబోతే బాపు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగురా! నీకు లేని తెలివి దానికుంది."

అది రెండు ముక్కలు నమిలి, రుచించక ఉమ్మేసి వెళ్లిపోయింది. బండి చల్లారాక బయలుదేరాం. గడ్డి పోయి ఇంజన్‌కు గాలి తగలడంతో ముల్లు నిర్మల్ దాకా బుద్ధిగా మధ్యలోనే కూర్చుంది.

పన్నెండుకు పది నిమిషాల ముందు చేరాం. "కారుకు గా తాళ్లేంది?" అని పిల్ల తండ్రి అడగడమే ఆలస్యం, బాపు అంతా చెప్పేశాడు. లోపలి గదిలోంచి నవ్వు వినబడింది. ఆ నవ్విన పిల్లే ఇప్పుడు మా ఆవిడ.

"అంత విన్నంక ఎట్ల ఒప్పుకున్నవ్?" అని ఒకసారి అడిగాను.

"మీ బాపు తెలివిగల్లోడు. గా బర్రె ఇంకా తెలివిగల్లది. మిమ్ముల నేను సదురుకుంట తీయ్ అనుకున్న."

అందుకే ఆ ముల్లు సాక్షిగా ఒట్టు. ఇకమీదట కారుకు నిమ్మకాయ కట్టాలన్నా ముందు బాపును అడుగుతాను, తర్వాత ఆవిడను. ఇద్దరూ ఇంట్లో లేకపోతే, ఖానాపూర్ దాకా పోయి బర్రెనే అడుగుతాను.