పందిటి వెనక చెవి

పందిళ్ల ఏసుకి కోపం ముక్కుమీదే ఉంటుందని తిరువళ్లూరులో అందరూ అనేవాళ్లు. ఉండక ఏం చేస్తుంది? పద్దెనిమిదేళ్లు ఒక మనిషి చేత పందిరి కట్టించుకుని, కట్టడం అయిన మరుక్షణం తాడు అవతల నిలబడమన్నారు. అలాంటివాడు నవ్వుతూ తిరగాలట. ఆ అన్న పెద్దమనుషులను ఒక్కరోజు చిత్తిరై నెల ఎండలో పందిటి సవుకు కొయ్యలు మోయిస్తే తెలిసేది, కోపం ఎక్కడ పుడుతుందో.

ఏసుది పక్కనే పాండూరు. తండ్రి కొబ్బరాకు తడికెలు అల్లేవాడు. ఏసు ఆ తడికెలతో పందిళ్లు కట్టడం నేర్చాడు. భార్య ఆరోగ్యమేరి ఇప్పటికీ రోజుకు నలభై తడికెలు అల్లుతుంది, మాట్లాడుతూనే. పెళ్లి పందిళ్లూ చావు పందిళ్లూ ఎన్నో కట్టారు గానీ, ఏసు ప్రాణమంతా ఒక్కదాని మీదే. ప్రతి వేసవికీ స్టేషను రోడ్డు పక్క మైదానంలో సంగీత సభవాళ్లు పదిరోజులు కచేరీలు పెడతారు. ఆ పందిరి ఏసుది.

అతనికి కాగితం మీద గీయడం రాదు. వెదురు పుల్లతో నేలమీద గీసేవాడు. గీసి, చుట్టూ నాలుగుసార్లు తిరిగి, కాలితో సగం చెరిపేసేవాడు. "ఏం పెట్టాల్నో చెప్పేదానికి ఊరంతా ఉండాది. ఏం పెట్టకూడదో చెప్పేవోడే పందిరోడు" అనేవాడు. రంగు కాగితాల తోరణాలంటే అతనికి మంట. అద్దాల పూసలంటే ఇంకా మంట. పాట వినడానికి వచ్చినవాడి కళ్లను గుంజి, చెవులను ఖాళీగా వదిలే అలంకారం ఎందుకని అడిగేవాడు. కప్పు తక్కువ ఎత్తులో కట్టేవాడు. తడికెలు రెండు వరసలు వేసి, మధ్యలో వరిగడ్డి పరిచేవాడు. పగలంతా కాగిన నేలమీద సాయంత్రం నాలుగింటికి నీళ్లు చల్లించేవాడు. ఆ పందిట్లో మైకు అక్కర్లేదని విద్వాంసులే చెప్పేవాళ్లు. అది ఎవరి పనితనమో మాత్రం అడిగేవాళ్లు కాదు.

కచేరీలకు ముందురోజు ఖాళీ పందిట్లో ఆరోగ్యమేరి వేదిక మీద నిలబడి చర్చి కీర్తన ఒకటి పాడేది. ఏసు కళ్లు మూసుకుని మూలమూలకీ తిరిగేవాడు. ఒకచోట పాట మసకబారితే అక్కడ తడిక ఎత్తేవాడు, ఒకచోట మోగితే గడ్డి కుక్కేవాడు. మర్నాడు పొద్దున పంతులొచ్చి పుణ్యాహం నీళ్లు చల్లేవాడు. అంతే, అక్కణ్నుంచి ఏసు లోపలికి రాకూడదు. ఊరి బయటి పేటలో పుట్టినవాళ్లకూ వాళ్లు కట్టిన పందిటికీ మధ్య కొబ్బరి తాడు ఒకటి అడ్డం పడేది. ఆ తాడు పేనిందీ ఆరోగ్యమేరే.

అందుకే ఏసుకి ఒక సంగతి ఎన్నటికీ తెలియలేదు. ఖాళీ పందిరి వేరు, నిండిన పందిరి వేరు. మూడువందలమంది ఒంటిమీది బట్టలు పాటను తాగేస్తాయి. ఎంత తాగుతాయో ఊహించి కట్టాల్సిందే తప్ప, కట్టినది ఎలా ఉందో జనం మధ్య కూర్చుని ఒక్కసారీ వినలేదు. వంట చేసినవాడికి వంట రుచి చూడనివ్వకపోతే ఎలా ఉంటుంది? పద్దెనిమిదేళ్లు అలాగే ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిండిన పందిట్లో కూర్చుని వినాలి. ఏసు కోరిక అంతే.

వినకుండా ఉండిపోయాడా అంటే అదీ లేదు. వేదిక వెనక తెరకు పైన, కప్పుకు కింద రెండు మూరల ఖాళీ వదిలేవాడు. సభవాళ్లు అడిగితే గాలికని చెప్పేవాడు. గాలికీ నిజమే. కానీ అక్కడ కప్పును వెనక్కి వంచి కట్టడంలో ఉంది కిటుకు. పాట ఆ సందులోంచి జారి, వెనకనున్న పల్లపు నేలలో పడేది. ఏసు దాన్ని చెవి అనేవాడు. మిగిలిపోయిన ఆకుల కుప్పల మీద పందిటి పనివాళ్లూ, వాళ్ల ఆడవాళ్లూ, మైదానం ఊడ్చే చెంచమ్మా, సాయంత్రం రైలు దిగిన కూలివాళ్లూ యాభైమంది దాకా కూర్చుని వినేవాళ్లు. డెబ్బై ఏళ్ల చెంచమ్మ రాగాల పేర్లు చెప్పదు గానీ, ఫిడేలు కాస్త తేడాగా పలికితే మొహం చిట్లించేది. ముందు వరసలో ఉయ్యాల ఊగినట్టు తలలూపే వాళ్లెంతమందికి ఆ పాటి తెలుసు?

అది యాభైయారో సంవత్సరం. సభ కార్యదర్శి ద్వారకనాథ్ రైసుమిల్లు ఆసామి, పొన్నేరి వైపు భూములున్నవాడు, మన తెలుగువాడే. మద్రాసు దగ్గర ఆవడిలో ఏడాది కిందట జరిగిన కాంగ్రెసు మహాసభ చూసొచ్చినప్పటినుంచీ ఆయనకు డిజైన్ అనే మాట పట్టుకుంది. ఆ మహాసభ పందిట్లో తాళ్లు కట్టిన వందలమందిలో ఏసూ ఉన్నాడు, ఆ సంగతి ఆయనకు అక్కర్లేదు.

"ఏసూ, ఈసారి డిజైన్ మార్చాల" అన్నాడు మైదానంలో నిలబడి. "ఎనక పక్కంతా రేకులు కట్టు. కింద నించి కప్పు దాకా."

"రేకులా అయ్యా? అది పడమర. సాయంత్రం ఎండకి కాగిపోతాది. వాయించేవోళ్ల వీపులు మాడిపోతాయి."

"నాకు చెప్పొద్దు. ఎనక కూకోని ఊరంతా ఓసీగా వింటాండారని ముందు వరసలోవోళ్లు గొణుగుతాండారు. టిక్కెట్టు కొనేవోళ్లు కూడా ఎనక్కే పోతాండారు."

ఏసుకి అరికాలి మంట నెత్తికెక్కింది. వెదురు పుల్ల విసిరేసి వెళ్లిపోయేవాడే. కానీ ద్వారకనాథ్ మనుషుల్ని చదివినవాడు. గొంతు తగ్గించి ఇంకోమాట వేశాడు.

"రేకులు కట్టినావంటే, మొదటి దినం కచ్చేరికి నువ్వూ నీ పెండ్లామూ లోపలొచ్చి కూకోండి. అంటు కూడదని ఢిల్లీలో చట్టమే వచ్చేసినాది, ఇంకా ఈ తాళ్లేంది? నేను చెప్తాండా కదా."

పద్దెనిమిదేళ్ల ఆకలి. ఆ ఆకలి ఎక్కడుందో కనిపెట్టి సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు పెద్దమనిషి. ఏసు సరేనన్నాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ ఆరోగ్యమేరి అడిగింది. "మనం లోపల కూకుంటాం, సరే. చెంచమ్మత్త యాడ కూకోవాల?"

"ఒక్క ఏడేగదా. మల్లా ఏడు చెవి తెరుస్తా."

"మూసినోళ్లు మల్లా తెరవనిస్తారా?"

"నోరు మూసుకోని అన్నం పెట్టు" అన్నాడు ఏసు. ఆమె పెట్టింది. ఆ తర్వాత మూడురోజులు అతనితో మాట్లాడలేదు. ఖాళీ పందిట్లో పాడమంటే మాత్రం వచ్చి పాడింది, రేకుల వైపు ఒక్కసారి కూడా చూడకుండా.

పన్నెండు రేకులు కట్టాడు ఏసు. ఎంత కసిగా ఉన్నా చేతకాని పని చేయడం అతనికి రాదు. సందు లేకుండా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి, కొబ్బరి తాడుతో బిగించాడు. కట్టాక వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. లోపల ఆరోగ్యమేరి పాడుతూనే ఉంది. బయట ఏమీ వినిపించలేదు. అంత బాగా కుదిరింది అతని పని.

మొదటిరోజు సాయంత్రం అయిదున్నరకు తంజావూరు నుంచి వచ్చిన ఫిడేలు విద్వాంసుడి కచేరి. ఏసు ఉతికిన పంచె కట్టాడు. ఆరోగ్యమేరి ఈస్టరు పండగ చీర కట్టుకుంది. తాడు దగ్గర నాగలింగం నిలబడ్డాడు. సభవాళ్ల వాలంటీరు, చేతికి పసుపు గుడ్డ.

"ఉళ్ళే పోగ కూడాదు" అన్నాడు. ఏసు వినిపించుకోనట్టు నిలబడితే తెలుగులో అన్నాడు. "లోపలికి పోగూడదు ఏసూ. నీకు తెలీదా?"

"ద్వారకనాథయ్య రమ్మన్నాడు. అడుగు."

నాగలింగం లోపలికి వెళ్లాడు. ఏసు తాడు మీదుగా చూస్తూనే ఉన్నాడు. ద్వారకనాథ్ ముందు వరసలో జరీ అంగవస్త్రంతో ఎవరికో వక్కపొడి అందిస్తున్నాడు. నాగలింగం చెవిలో చెప్పింది విన్నాడు. తాడు వైపు చూశాడు. ఏసు కళ్లలోకే చూశాడు, చూడలేదనడానికి లేదు. తర్వాత మొహం తిప్పుకుని, ఏదో గొణిగి, వక్కపొడి డబ్బా పక్కవాళ్లకు జరిపాడు.

"రేపు చూస్తామన్నాడు" అన్నాడు నాగలింగం తిరిగొచ్చి. వాడి తప్పేముంది, పాపం, తల దించుకునే చెప్పాడు.

ఏసుకి అక్కడే నేల చీలితే బాగుండుననిపించింది. వెనక నిలబడినవాళ్లు ఇతన్ని తోసుకుని, టిక్కెట్లు చూపించి లోపలికి వెళ్తున్నారు. ఇద్దరూ పందిరి చుట్టూ తిరిగి వెనక్కి వచ్చారు. ఆకుల కుప్పల మీద ఎప్పటిలా జనం కూర్చుని ఉన్నారు, చెంచమ్మ అందరికంటే ముందు. లోపల వర్ణం మొదలైందని చప్పట్లను బట్టి తెలిసింది. అంతకుమించి ఏమీ రాలేదు. ఎండ తగిలి రేకులు టిక్కు టిక్కుమంటున్నాయి.

"ఏం నాయనా, ఈ తూరి ఫిడేలాయన చేతిలో సత్తువ లేదా?" అంది చెంచమ్మ. "ఏం ఇనపళ్లేదే."

అందరికీ తెలుసు ఆ రేకులు ఎవరు కట్టారో. పనివాళ్లు నేల చూపులు చూశారు. అతన్ని తిట్టి ఉంటే బాగుండేది.

ఆరోగ్యమేరి అంది, మూడురోజుల తర్వాత మొదటిమాట. "నీ చేత్తోనే మూసినావు కదా. నీ చేత్తోనే తియ్యి."

ఏసు మీద ఏసుకే అసహ్యమేసింది. ద్వారకనాథ్ మాట తప్పాడు, అది వాడి పుట్టుక. తానెందుకు అమ్ముడుపోయాడు? పద్దెనిమిదేళ్లు వాళ్లు లోపలికి రానివ్వకుండా తాడు కట్టారు, ఈసారి బయటివాళ్లకు తానే గోడ కట్టాడు. పళ్లు నూరుకుంటూ మెట్లకర్ర గుంజకు ఆనించి ఎక్కాడు.

ఎక్కాడు గానీ తాడు ముడి మీద చెయ్యి వేసి ఆగాడు. రేకు జారితే చప్పుడవుతుంది, లోపల రాగం పాడవుతుంది. ఒళ్లంతా మండిపోతున్నవాడు కూడా ఆ పని చేయలేకపోయాడు. అలాగే కర్ర మీద నిలబడి, చెమటలు కక్కుతూ, లోపల ఫిడేలు ఆగి, మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం అందుకునేదాకా చూశాడు. దరువు అదురు రేకులోంచి అరచేతికి తెలిసింది. అప్పుడు ముడి విప్పాడు. కింద ఆరోగ్యమేరి చీర కొంగు చేతులకు చుట్టుకుని కాగిన రేకును పట్టుకుంది. ఇద్దరూ దాన్ని నిద్రపోతున్న బిడ్డను దించినట్టు దించారు. రెండో రేకుకి పనివాళ్లు లేచొచ్చారు. తని అయ్యేసరికి తొమ్మిది రేకులు నేలమీద ఉన్నాయి.

ఫిడేలు మళ్లీ అందుకుంది. చెవి తెరుచుకుంది. పాట కప్పు వంపు మీదుగా జారి పల్లంలో పడింది, ప్రతి ఏడూ పడినచోటే. చెంచమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

లోపల తెర ఊగింది. గాలి తగిలి విద్వాంసుడు "ఆహా" అన్నది బయటికి వినపడింది. ఆ వెనకే ద్వారకనాథ్ పరుగెత్తుకొచ్చాడు, అంగవస్త్రం సగం జారిపోయి.

"ఎవుడ్రా ఇప్పింది?"

"నేనే. ఏసు" అన్నాడు కర్ర మీదినుంచే, గొంతు పెంచకుండా.

ద్వారకనాథ్ ఆకుల మీది జనాన్ని చూశాడు. రెండు రైళ్లవాళ్లు కూడా చేరి వందమంది అయ్యారు. అరిస్తే కచేరి ఆగిపోతుంది. కోపం దిగమింగి, దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "చూడు ఏసూ. రేకులు మల్లా కట్టేయ్. కట్టేసి, నువ్వూ ఆయమ్మా నాతో రాండి. ఇప్పుడే. ముందు వరసలో నా పక్కన కూకోబెడతా. దేవుని మీద ఒట్టు."

ఈసారి అది నిజం. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది, అంత అవసరం పడింది ఆయనకు. ఏసు వేదిక పక్క తడిక సందులోంచి లోపలికి చూశాడు. మూడువందలమంది. నిండిన పందిరి. పది అడుగులు వేస్తే చాలు.

మెట్లకర్ర దిగి, చేతికంటిన తాడు పీచు దులుపుకున్నాడు.

"లోపల ఎట్లుంటాదో నాకొద్దయ్యా. బయట ఎట్లుంటాదో మీరే ఇని పోండి."

చెంచమ్మ కళ్లు తెరవకుండానే కాస్త పక్కకు జరిగింది. ద్వారకనాథ్ కూర్చోలేదు. అలాగని వెంటనే వెళ్లనూ లేదు. ఆ పాట అయ్యేదాకా నిలబడి విని వెళ్లిపోయాడు. మిగిలిన మూడు రేకులూ ఆరోగ్యమేరి నిదానంగా దింపించింది.

మరుసటేడు సభవాళ్లు ఇటుకతో హాలు కట్టుకున్నారు. ఏసును పిలవలేదు. కొన్నాళ్లు పెళ్లి పందిళ్లు కట్టి, తర్వాత ఆవడిలో ఫ్యాక్టరీకి పెట్టెలు కొట్టే పనికి వెళ్లాడు. కోపం ముక్కుమీదే ఉండిపోయింది. సాయంత్రం రైల్లో ఎవరైనా ఎరిగినవాళ్లు, నీ పందిట్లో లోపల కూర్చుంటే ఎలా వినిపించేది ఏసూ అని అడిగితే, కిటికీలోంచి మొహం తిప్పకుండా చెప్పేవాడు:

"నాకేం తెలుసు. ద్వారకనాథునడగండి. రెండు పక్కలా ఇనినోడు ఆయప్ప ఒక్కడే."